మా వీధి బొమ్మ ముందు మా వీధికి చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పేదల బస్తీల మీద బొమ్మలు వేసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళ గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన రెండు పేజీల వ్యాసం చదివానండీ, బాగుంది, బొమ్మలు కూడా పెద్దవిగా వేశారు, ఇలాంటి విషయానికి అంత జాగా ఇచ్చినందుకు ముందుగా థ్యాంక్స్. కానీ చదివిన దగ్గర్నుంచి ఒక విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది, చెప్పకుండా ఊరుకోలేక రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. ఆ వ్యాసంలో ఆర్టిస్టులు మాట్లాడారు, గ్యాలరీ వాళ్ళు మాట్లాడారు, ఒక ప్రొఫెసర్ గారు మాట్లాడారు, చూడ్డానికి వచ్చినవాళ్ళు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని చెప్పారు. బొమ్మల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కరు కూడా మాట్లాడలేదు. వాళ్ళు ఆ బొమ్మలు చూశారా, చూస్తే ఏమన్నారు, అసలు ఎవరైనా తీసుకెళ్ళి చూపించారా, ఈ ప్రశ్నే ఎక్కడా రాలేదు.

నేను అలాంటి బస్తీలోనే పుట్టి పెరిగా, ఇప్పుడు అక్కడి పిల్లలకే సాయంత్రాలు డ్రాయింగ్ నేర్పిస్తా, నేనూ వేస్తా. నేను చెప్పదల్చుకుంది ఒకటే. ఎవరి బతుకు మీద బొమ్మ వేశారో ఆ బొమ్మ ముందు వాళ్ళే చూడాలి. గ్యాలరీ కన్నా ముందు, పేపర్ కన్నా ముందు, అవార్డు కమిటీ కన్నా ముందు. చూసి వాళ్ళు "ఇది ఇలా ఉండదు" అంటే వినాలి, "నా మొహం వద్దు, తీసెయ్" అంటే తీసెయ్యాలి. ఇదేదో వాళ్ళకి మర్యాద చెయ్యడం కోసం చెప్తున్నానని అనుకోకండి, బొమ్మ బాగుపడాలన్నా ఇదే దారి, ఎందుకో చెప్తా.

కుళాయి దగ్గర లైను తీసుకోండి. బస్తీ అనగానే ఎక్కువమంది వేసేది ఇదే. ఒక ఆర్టిస్టు ఇలాంటిదే పెద్ద బొమ్మ వేశాడు, ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, వాడిపోయిన మొహాలు, వంగిపోయిన భుజాలు, చెయ్యి తిరిగినవాడే, రంగులు బాగా పట్టాయి. ఆ బొమ్మని ఫోన్‌లో మా సందులో ఒక పెద్దావిడకి చూపించా. చూసిన వెంటనే ఆవిడ అన్న మాట, "ఇంతమంది ఇలా ఊరికే నిలబడిపోతే ఇళ్ళల్లో పని ఎవరు చేస్తారమ్మా?" నిజమే కదా. లైనులో నిలబడేది మనుషులు కాదు, డబ్బాలు. రాత్రి పడుకునే ముందే డబ్బాలు వరసలో పెట్టేసి పోతారు. ఏ డబ్బా ఎవరిదో అందరికీ తెలుసు, ఒకదాని పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంటుంది, ఒకదాని చీలికని ప్లాస్టిక్ కరిగించి అతికించి ఉంటారు, ఒకదాని మీద పెయింటుతో అక్షరం, ఇంట్లో ఖాళీ డబ్బా లేనివాళ్ళు ఇటుక పెడతారు, ఆ ఇటుకకి కూడా డబ్బాకి ఉన్నంత హక్కు ఉంటుంది. నీళ్ళు వదిలే టైముకి ఎవరో ఒక పిల్లో పిల్లాడో కూర్చుని డబ్బాలు ముందుకి జరుపుతూ ఉంటారు, మన వంతు ఇంకో రెండు డబ్బాల్లో వస్తుందనగా కేక వేస్తారు, చేస్తున్న పని ఆపి పరిగెత్తుకొస్తారు. నైట్ డ్యూటీకి పోయినవాళ్ళ డబ్బా పక్కింటివాళ్ళు పట్టి గుమ్మం ముందు పెడతారు. కాపలా ఎవరు, కేక ఎవరు వెయ్యాలి, ఎవరి డబ్బా ఎవరు పట్టాలి, ఇదంతా ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, అయినా తప్పదు. తప్పితే గొడవే, ఆ గొడవ కూడా రూలులో భాగమే.

ఇప్పుడు చెప్పండి, ఏ బొమ్మలో ఎక్కువ ఉంది? అలసిపోయి నిలబడ్డ ఆడవాళ్ళ బొమ్మలోనా, మనుషులే లేకుండా వరసగా పెట్టిన డబ్బాలు, మధ్యలో ఒక ఇటుక, చివర్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న పిల్ల ఉన్న బొమ్మలోనా? రెండోది చూస్తే గ్యాలరీలో ఎవరికీ కన్నీళ్ళు రాకపోవచ్చు. కానీ ఆ వీధి తెలివి మొత్తం అందులో ఉంటుంది. ఆ పెద్దావిడ బొమ్మల గురించి ఏమీ చదువుకోలేదు, కానీ ఒక్క మాటతో ఆ ఆర్టిస్టుకి తన బొమ్మ కన్నా మంచి బొమ్మ చెప్పింది, ఆ మాట ఆయన దాకా వెళ్ళే దారే లేదు, అదీ నా బాధ.

వెలుతురు సంగతి కూడా ఇంతే. ఇరుకు సందుల్లోకి ఎండ పడేది రోజులో కాసేపే. ఆ కాసేపు సందులో జరిగేది చూడాలి మీరు, తడిబట్టల తాడు అటు మారుతుంది, మంచాన పడ్డ ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ఎండలో కూర్చోబెడతారు, ఎండ జరిగేకొద్దీ కుర్చీ జరుగుతుంది, వానకి తడిసిన స్కూల్ పుస్తకాలు విప్పి ఆరబెడతారు. ఇళ్ళ లోపల మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుంటే గానీ సూదిలో దారం ఎక్కించలేరు. ఇది తెలియనివాళ్ళు సందు మొత్తాన్ని బంగారం లాంటి ఎండతో నింపేస్తారు, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, మా పిల్లలు అలాంటి ఒక ఫోటో చూసి "టీచర్, ఇది ఎవరి వీధి?" అని అడిగారు, మేముండే లాంటి వీధే అంటే నమ్మలేదు.

ఒకే గది, ఒకే మంచం ఉన్న ఇళ్ళల్లో ఆ మంచం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. రాత్రి పిల్లలు పడుకుంటారు, తెల్లారి వాళ్ళు బడికి బయల్దేరేసరికి నైట్ డ్యూటీ నుంచి తండ్రి వస్తాడు, కళ్ళ మీద తువ్వాలు వేసుకుని పడుకుంటాడు, పక్కనే భార్య కుట్టుమిషన్ తొక్కుతూ ఉంటుంది. మిషన్ చప్పుడుకి ఆయనకి మెలకువ రాదు. మిషన్ ఆగితే లేస్తాడు. ఇలాంటివి ఒక రోజు కెమెరా పట్టుకుని వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళకి దొరకవు, వాళ్ళకి దొరికేది ముక్కు కారుతున్న పిల్లాడి మొహం, చిరిగిన పరదా, మురిక్కాలవ. అవి అబద్ధాలని నేననను. అవి కూడా ఉన్నాయి. కానీ అవి మాత్రమే పదేపదే చూపిస్తుంటే, అక్కడ మనుషులు రోజంతా ఏదో ఒక పని చేస్తూ, లెక్కలు వేసుకుంటూ, ఉపాయాలు కనిపెడుతూ బతుకుతారన్న సంగతే పోతుంది, ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తారు.

ఈ సమస్య ఇప్పటిదేం కాదు. 1936 మార్చిలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కూలీల క్యాంపులో డొరోతియా లాంగ్ తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు, చెంపకి చెయ్యి ఆనించి ఎటో చూస్తున్న తల్లి, ఆవిడ భుజాల మీద వాలి మొహాలు అటు తిప్పేసుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డ. ప్రపంచంలో ఎక్కువసార్లు అచ్చయిన ఫోటోల్లో అదొకటి. లాంగ్ అప్పుడు ప్రభుత్వం తరఫున కరువు కాలపు బతుకులు ఫోటోలు తీస్తోంది. ఆ తల్లి పేరు, వివరాలు తను అడగలేదని ఆవిడే తర్వాత రాసుకుంది. ఫోటోలు పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఆ క్యాంపుకి 20,000 పౌండ్ల తిండి సామాను పంపించింది, అంటే 9 టన్నుల పైనే, కాబట్టి ఆ ఫోటో వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ ఆ సామాను వచ్చేసరికి ఆ తల్లి పిల్లల్ని వేసుకుని పని వెతుక్కుంటూ ఇంకో చోటికి వెళ్ళిపోయింది. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని లాంగ్ రాసింది, మేము టైర్లు అమ్మనే లేదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. 40 ఏళ్ళు పైన గడిచాక, 1978లో ఒక రిపోర్టర్ వెతికి పట్టుకుంటే గానీ ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, ఆవిడ అమెరికా ఆదివాసుల్లో చెరోకీ తెగ మనిషని లోకానికి తెలియలేదు. ఆ ఫోటో తియ్యకుండా ఉంటే బాగుండేదని, దాని వల్ల తనకి ఒక్క పైసా రాలేదని, తన పేరు కూడా అడగలేదని ఆవిడ అప్పుడు చెప్పింది. ఆ ఫోటో ప్రభుత్వానిది కాబట్టి లాంగ్‌కి కూడా రాయల్టీలేమీ రాలేదు, పేరు మాత్రం వచ్చింది.

లాంగ్ మనసు మంచిది కాదని నేను చెప్పట్లేదు, ఆవిడ బాధతోనే తీసింది, అది ఫోటోలోనే తెలుస్తుంది. అయినా సరే, ఆ తల్లికి ఆ ఫోటో చూపించి ఉంటే? పేరు అడిగి ఉంటే? టైర్ల సంగతి సరిదిద్దేవాళ్ళు కదా. 1983లో ఆవిడ జబ్బు పడ్డప్పుడు పిల్లలు సాయం అడిగితే జనం ఉత్తరాలు, వేల డాలర్లు పంపించారు, ఆ ఉత్తరాలు చదివాకే మా అమ్మ ఫోటో ఇంతమందిని కదిలించిందా అని పిల్లలకి అర్థమైంది, అప్పటిదాకా వాళ్ళకి అది సిగ్గుపడే సంగతిగానే ఉంది. ఒక ఫోటో ఊరందరికీ గొప్పదై, అందులో ఉన్నవాళ్ళకి మాత్రం సిగ్గుగా మిగలడం, ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది చెప్పండి.

గోర్డాన్ పార్క్స్ సంగతి వేరు. ఆయన పేదరికంలో పెరిగినవాడు, అమెరికాలోని లైఫ్ పత్రికలో పనిచేసిన మొదటి నల్లజాతి స్టాఫ్ ఫోటోగ్రాఫర్. 1961లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో కటకుంబా అనే కొండబస్తీలో ఫ్లావియో అనే 12 ఏళ్ళ అబ్బాయిని ఫోటోలు తీశాడు, ఉబ్బసంతో దగ్గుతూ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వండిపెట్టే పిల్లాడు. లైఫ్‌లో అవి పడ్డాక పాఠకులు దాదాపు 30,000 డాలర్లు పంపించారు, అబ్బాయిని అమెరికా తీసుకెళ్ళి డెన్వర్‌లో రెండేళ్ళు వైద్యం చేయించారు, ఇంటివాళ్ళని బస్తీ నుంచి వేరే ఇంటికి మార్చారు. పార్క్స్ ఆ తర్వాత కూడా ఆ అబ్బాయితో సంబంధం తెంచుకోలేదు, అది ఆయన గొప్పతనం. అయితే బ్రెజిల్ వాళ్ళకి పరువు పోయినట్టయింది, అక్కడి ఒ క్రుజైరో పత్రిక తన ఫోటోగ్రాఫర్ని న్యూయార్క్ పంపించి అక్కడి పేదల ఇళ్ళు ఫోటోలు తీయించి అచ్చేసింది, మీ దగ్గర లేదా పేదరికం అని. రెండు దేశాల పత్రికలు ఒకదాని పరువు ఒకటి తీసుకోవడానికి రెండు పేద కుటుంబాలు పనికొచ్చాయి. ఫ్లావియోకి అమెరికాలోనే ఉండిపోవాలని ఉండేది, వెనక్కి పంపించేశారు. సాయం చేసినవాళ్ళే అన్నీ నిర్ణయించారు, నీకేం కావాలిరా బాబూ అన్న ప్రశ్నకి బరువే లేకపోయింది.

అయితే బస్తీ బొమ్మలు బస్తీవాళ్ళే వేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. సరిపోదు. ఈ మాట నేనే అంటున్నా. బ్రెజిల్‌లోనే సావ్ పాలోలో కనిందే అనే బస్తీలో కరోలినా మరియా డి జీసస్ అనే ఆవిడ చిత్తుకాగితాలు ఏరుకుని ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, దొరికిన నోటుపుస్తకాల్లో రోజూ డైరీ రాసుకుంది, 1960లో అది పుస్తకంగా వచ్చి ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఆకలి గురించి అంత సూటిగా రాసినవాళ్ళు తక్కువ. కానీ ఆవిడ పక్కింటివాళ్ళ గొడవలు, తాగుడు, రంకులు అన్నీ రాసింది, గొడవొస్తే నిన్ను పుస్తకంలో పెడతా అని బెదిరించేది కూడా. పుస్తకం అమ్ముడుపోయి ఆవిడ బస్తీ వదిలి వెళ్ళే రోజున పక్కవాళ్ళు రాళ్ళు వేశారు. ఆవిడ పడ్డ కష్టం, తెచ్చుకున్న గొంతు, వాటికి నేను దణ్ణం పెడతా. కానీ ఆ రాళ్ళు వేసినవాళ్ళ వైపు కూడా ఒక మాట ఉంది, మా బతుకు నువ్వు అమ్ముకున్నావు, మమ్మల్ని అడగలేదు అని. లోపలివాళ్ళకైనా పక్కింటి గుట్టు మీద హక్కు లేదు. నేనూ ఆ వీధివాడినే కదా అనేది పర్మిషన్ అయిపోదు.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోలేను. అడిగి తీస్తే మొహాలు బిగుసుకుపోతాయి, జుట్టు దువ్వుకుని వస్తారు, అసలు బతుకు కనపడదు అని ఫోటోగ్రాఫర్లు అంటారు. హెలెన్ లెవిట్ 1930లు, 40ల్లో న్యూయార్క్ పేదల వీధుల్లో పిల్లల ఆటలు, వాళ్ళు సుద్దతో గోడల మీద గీసిన బొమ్మలు ఫోటోలు తీసింది, కెమెరా ఒకవైపు పెట్టి ఇంకోవైపు ఫోటో తీసే పరికరం వాడింది, తమని తీస్తున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఫోటోలు నాకు ప్రాణం, ఆ పిల్లలు పేదపిల్లలుగా కాకుండా ఆటలో మునిగిపోయిన పిల్లలుగా ఉంటారు. అడిగి తీసి ఉంటే అవి వచ్చేవి కావు, ఒప్పుకుంటా. కానీ తీసేటప్పుడు అడగలేకపోయినా చూపించేటప్పుడు అడగొచ్చు. రెండూ వేరు. అప్పట్లో ప్రింటు తీసి మళ్ళీ ఆ వీధి వెతుక్కుంటూ వెళ్ళడం కష్టం, ఇప్పుడు ఫోటో తీసిన నిమిషంలో వాళ్ళ చేతికే ఫోన్ ఇచ్చి చూపించొచ్చు, ఇప్పటివాళ్ళకి ఆ సాకు లేదు.

బస్తీవాళ్ళని అడిగితే అంతా అందంగా చూపించమంటారు, కష్టాలు దాచెయ్యమంటారు అనే భయం కూడా విన్నాను. నా అనుభవంలో అలా లేదు. మా సందులో ఒకావిడ ఇల్లు వానకి కారుతుంది, నేలంతా గిన్నెలు పెట్టుకుని మధ్యలో కూర్చుని ఉంటే మా స్టూడెంట్ బొమ్మ వేసింది, తీసుకెళ్ళి చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి చెప్పింది, "ఇల్లు కారేది ఉంచు, అది నా తప్పు కాదు. నా జుట్టు మాత్రం సరిచెయ్యి, నేను అలా విరబోసుకుని ఉండను." ఇంకో మాట కూడా, ఆ మూల గిన్నె నిండిపోయేది కాబట్టి అక్కడ బకెట్ ఉండాలి అని. జుట్టు ముడి వేసింది, బకెట్ పెట్టింది, బొమ్మ ముందుకన్నా నిలబడింది. ఆవిడ దాచమన్నది కష్టాన్ని కాదు కదండీ. తన శుభ్రత, తన పద్ధతి, అవి తను కాపాడుకుంటున్నవి, వాటిని తీసేస్తే ఒప్పుకోనంది.

ఒకటి మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. వద్దనే హక్కు దెబ్బ తిన్నవాళ్ళది, కొట్టినవాళ్ళది కాదు. తాగి వచ్చి కొట్టే మొగుడు, వడ్డీకి ఇచ్చి పీడించేవాడు వచ్చి ఈ బొమ్మ తీసెయ్ అంటే తీసెయ్యమని నేను చెప్పట్లేదు. కొట్టించుకున్న మనిషి వెయ్యమంటే వెయ్యాలి, ఆవిడ వద్దంటే ఎంత గొప్ప బొమ్మ అయినా చుట్టి పక్కన పెట్టాలి, ఎందుకంటే ఎగ్జిబిషన్ అయిపోయాక ఆ ఇంట్లో ఉండేది ఆవిడే.

జర్మన్ ఆర్టిస్టు కేటే కోల్విట్జ్ గురించి కూడా చెప్పాలి. ఆవిడ భర్త బెర్లిన్‌లో కార్మికుల పేటలో డాక్టరు, 1891 నుంచి 1943 దాకా ఆవిడ అక్కడే ఉంది. మొదట్లో కార్మికుల్ని వేసింది వాళ్ళు అందంగా కనిపించడం వల్లేనని, భర్త దగ్గరికి వచ్చి ఆవిడతో కూడా గోడు చెప్పుకునే ఆడవాళ్ళ వల్ల తర్వాతే వాళ్ళ బతుకు తనని పట్టుకుందని ఆవిడే రాసింది. అన్నేళ్ళు ఒకే వీధిలో ఉండి వచ్చిన బొమ్మలవి. ఆవిడ ఎక్కువగా చేసింది ప్రింట్లు, ఒకే బొమ్మకి ఎన్నో కాపీలు తీయొచ్చు, తక్కువ ధరకి చేరతాయి. ఎవరిని చూసి వేశామో ఆ ఇంటికి ఒక కాపీ ఇవ్వడం ప్రింట్లతో, ఫోటోలతో ఎంత తేలికో, అయినా ఎంతమంది ఇస్తున్నారు?

రిక్ లోవ్ కథ నన్ను బాగా కుదిపింది. ఆయన అమెరికాలో హ్యూస్టన్‌లో ఉండే ఆర్టిస్టు, నల్లజాతి పేదల కష్టాల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసేవాడు. 1990లో కొందరు స్కూల్ పిల్లలు ఆయన స్టూడియో చూడ్డానికి వచ్చారు, వాళ్ళలో ఒక అబ్బాయి అడిగాడు, మీ బొమ్మల్లో ఉన్నది మాకు తెలిసిందే, మేము రోజూ చూసేదే, మాకు కావాల్సింది అది కాదు, మీరు క్రియేటివ్ కదా, ఏదైనా పరిష్కారం ఎందుకు క్రియేట్ చెయ్యరు అని. ఆ ప్రశ్నతో ఆయన స్టూడియోలో పని ఆపేశాడు. 1993లో ఇంకొందరు ఆర్టిస్టులతో కలిసి థర్డ్ వార్డ్ అనే పేటలో పాడుబడిన 22 చిన్న ఇళ్ళు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు, ప్రాజెక్ట్ రో హౌసెస్ అంటారు, కొన్ని ఇళ్ళల్లో బొమ్మలు, కొన్నిటిలో చదువుకుంటున్న ఒంటరి తల్లులు పిల్లలతో ఉండేలా చేశారు. అందరూ బొమ్మలు మానేసి ఇళ్ళు కట్టాలని కాదు నేను చెప్పేది. ఆ అబ్బాయి ఆ మాట అనగలిగాడు, ఎందుకంటే బొమ్మ ముందు నిలబడే అవకాశం వాడికి దొరికింది. ఎన్ని స్టూడియోల్లోకి అలాంటి పిల్లల్ని రానిస్తున్నారు? ఆ అబ్బాయి రాకపోయి ఉంటే లోవ్ గారికి ఆ సంగతి ఏ విమర్శకుడు చెప్పేవాడు?

చూపించడం అంటే పెద్ద హంగామా అక్కర్లేదు. 2008లో జేఆర్ అనే ఫ్రెంచ్ ఆర్టిస్టు రియోలోని ప్రొవిడెన్సియా కొండబస్తీలో ఆడవాళ్ళ కళ్ళు, మొహాలు ఇళ్ళ గోడలంత పెద్దగా ప్రింటు వేసి ఆ ఇళ్ళకే అతికించాడు, కింద ఊరంతటికీ కనపడ్డాయి, కానీ ముందు ఆ మెట్ల మీద ఎక్కిదిగేవాళ్ళకి కనపడ్డాయి. మియర్లె లాడర్మన్ యూకెలెస్ అనే ఆర్టిస్టు 1979, 80ల్లో న్యూయార్క్‌లో చెత్త ఎత్తే 8,500 మంది కార్మికులతో ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు థ్యాంక్స్ అని చెప్పింది, అదే ఆవిడ కళ. మేము చేసేది ఇంకా చిన్నది. పిల్లలు బిల్లు కాగితాల వెనక, అట్టముక్కల మీద వేసినవి సందులో గోడకి తాడు కట్టి క్లిప్పులతో తగిలిస్తాం, డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు ఆగి చూస్తారు, "మా తలుపు ఆకుపచ్చ కాదురా, నీలం" అంటారు, ఆ పిల్లాడు అక్కడికక్కడే మార్చేస్తాడు. ఇళ్ళల్లో పనిచేసే ఒకావిడ కూతురు వాళ్ళమ్మ చెయ్యి వేసింది, చేతిలో వేరేవాళ్ళ ఇళ్ళ తాళాల గుత్తి, గుత్తి చేతికన్నా పెద్దది. ఎందుకంత పెద్దగా వేశావు అని ఎవరో అడిగితే, ఆ తాళాల్లో ఒకటి పోయిన రోజు అమ్మ అన్నం తినలేదు అని చెప్పింది. వాళ్ళమ్మ చూసి ఏమీ మార్చమనలేదు, ఆ అట్టముక్క ఇంటికి తీసుకెళ్ళిపోయింది, మా దగ్గర కాపీ కూడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు మీ పేపర్ని అడగాల్సినవి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. ఇలాంటి ఎగ్జిబిషన్ గురించి రాసేటప్పుడు మీ రిపోర్టర్ ఆర్టిస్టుని ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి, ఈ బొమ్మలో ఉన్నవాళ్ళు దీన్ని చూశారా అని. చూశారంటే వాళ్ళేమన్నారో రెండు లైన్లు వెయ్యండి, చూడలేదంటే అదీ రాయండి. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు ఫోటో కింద వెయ్యండి, మొన్న వ్యాసంలో ఆర్టిస్టుల పేర్లన్నీ ఉన్నాయి, మొహాలున్నవాళ్ళందరూ "ఒక మహిళ", "ఒక కార్మికుడు"గానే ఉన్నారు. బొమ్మ అమ్ముడుపోతే అందులో వాళ్ళకేమైనా వెళ్తుందా అని కూడా అడగండి, అడగడంలో తప్పేమీ లేదు, సినిమావాళ్ళని రెమ్యునరేషన్ అడగట్లేదా?

ఫైల్ ఫోటోలు మాత్రం దయచేసి ఆపండి. ఇది మీ ఒక్కరి సంగతే కాదు, చాలా పేపర్లు, టీవీలు చేసేదే. ఎప్పుడో ఆడుకుంటుంటే తీసిన పిల్లల ఫోటోని జ్వరాల వార్తకి ఒకసారి, దొంగతనాల వార్తకి ఒకసారి, ఎలక్షన్ వార్తకి ఇంకోసారి వాడేస్తారు. ఆ ఫోటోలో ఉన్న పిల్ల స్కూలుకి పోతే నువ్వు దొంగల పేటలో ఉంటావంట కదా అంటారు, పేపర్లో చూశాం అంటారు. తీసిన రోజు పర్మిషన్ ఉన్నా అది ఆ ఆటకి, దొంగతనానికి కాదు.

చివరిగా, బస్తీ బొమ్మల మీద రివ్యూ రాయించాలనుకున్నప్పుడు ఒక్కసారి బస్తీవాళ్ళ చేత రాయించి చూడండి. రాయడం రానివాళ్ళు చెప్తారు, మీవాళ్ళు రాసుకోవచ్చు. నాకు తెలిసినవాళ్ళలో ఆ డబ్బాల లైను గురించి మాట్లాడిన పెద్దావిడ ఉంది, ఇంతకుముందే అడిగాను, వస్తానంది, పొద్దున్న నీళ్ళ పని అయిపోయాక అయితేనే అని షరతు పెట్టింది, వచ్చి చూసి బాగాలేకపోతే బాగాలేదనే చెప్తానని కూడా అంది. మీరు ఎగ్జిబిషన్ ఎక్కడో, ఎప్పుడో చెప్తే ఆవిణ్ణి నేనే తీసుకొస్తా, రానూపోనూ ఖర్చు, ఆ రోజు పని పోయినందుకు కూలీ మీ పేపర్ ఇవ్వాలి, రివ్యూ రాసే మిగతావాళ్ళకి ఇచ్చినట్టే.

ఇట్లు,
బస్తీ పిల్లలకి డ్రాయింగ్ నేర్పే ఒక టీచర్